మూగజీవి గాయము – చూచువాని ధర్మము

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకును, అచ్చటి నుండి తమిళనాడులోని కృష్ణగిరికిని పోవు జాతీయ రహదారి రాత్రివేళ నిదురింపదు. మదనపల్లె మార్కెట్టులో టమాటా పెట్టెలు నింపుకొనిన లారీలు తెల్లవారకమునుపే దూరపు పట్టణములు చేరవలెనని పరుగిడుచుండును. దారి ప్రక్కన టీ అంగళ్ళు, చింతచెట్లు, ఊరి మొదళ్ళు. వానితోపాటు ఊరికొక గుంపుగా కుక్కలు. వానిలో నేదో యొకటి చక్రమునకు తగిలి పడుట ఆ మార్గమున ఎవరికిని వార్త కాదు.

తగిలిన క్షణమున కుక్క ఒక్క కేక వేయును. పిదప లేచి, మూడు కాళ్ళపై కుంటుచునో, ఒక్కొక్కప్పుడు ఏమియు జరుగనట్లు నాలుగు కాళ్ళతో పరుగెత్తియో, గట్టు దాటి కంపచెట్టు మాటున పండుకొనును. ఇక అరవదు. గాయమును నాకుకొనుచుండును. లారీ నడుపువాడు అద్దములో చూచి, "ఏమీ కాలేదు, లేచి పరుగెత్తింది" అని సాగిపోవును. అంగడి ముందు నిలిచినవారు "కుక్కే కదా, నాకి మాన్పుకుంటుంది" అందురు. ఇంకొకరు దాని కర్మమును తలచుకొందురు. ఈ మూడు మాటలు పలుకువారు క్రూరులు కారు. ఇంటికి వచ్చిన జంగమునకు అన్నము పెట్టువారే, చీమల పుట్టపై నూకలు చల్లువారే. అయినను వారి మాటల వెనుక ఒక తలంపు దాగియున్నది: అరవని జీవికి బాధ లేదు. ఈ తలంపు నిజమా కాదా యనుట శాస్త్రమునకు సంబంధించిన ప్రశ్న. నిజము కానిచో చూచువాడు చేయవలసినది ఏమి యనుట ధర్మమునకు సంబంధించిన ప్రశ్న. మొదటిది తేలనిదే రెండవది తేలదు.

గాయపడిన కుక్క శరీరములో జరుగునది కంటికి కనబడదు. చర్మము, కండరము, ఎముక చితికిన చోటి నుండి నరముల ద్వారా కబురు వెన్నుపాము మీదుగా మెదడునకు చేరును. మెదడు అడుగుభాగమున నుండు హైపోథలమస్ అనునది ఆ కబురు అందుకొని, దాని క్రిందనే వ్రేలాడు పీయూష గ్రంథికి సంజ్ఞ పంపును. పీయూష గ్రంథి ఏసీటీహెచ్ అను హార్మోనును రక్తములోనికి విడుచును. ఆ హార్మోను మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులను చేరగనే వాని పైపొర కార్టిసాల్ ను స్రవించును. ఇది నిమిషములలో జరుగు పని. దీనికన్న ముందుగనే, క్షణములలో, అదే గ్రంథి లోపలిభాగము నరముల ఆజ్ఞపై ఆడ్రినలిన్ ను కుమ్మరించును. గుండె వేగము హెచ్చును. చర్మములోని రక్తనాళములు ముడుచుకొనును. రక్తము మెదడునకు, గుండెకు మళ్ళింపబడును. కాలేయములో దాచిన చక్కెర కరిగి రక్తములో కలియును.

లారీ వాడు అద్దములో చూచినది ఈ ఆడ్రినలిన్ పనియే. కడుపులో ప్లీహము పగిలి రక్తము కారుచున్నను కొంతసేపు కుక్క నిలువగలదు, పరుగెత్తగలదు. ఆ బలము అప్పుగా తెచ్చుకొనినది. అప్పు తీరగనే చిగుళ్ళు తెల్లబడును, పాదములు చల్లబడును, ఎవరును చూడని చేనిగట్టున అది కూలును. మరునాడు దానిని చూచినవారు పాము కరచినదేమో యనుకొందురు.

మరి దాని మౌనము? ఇందులోను ఒక విచిత్రము కలదు. ఏసీటీహెచ్ ఏ పెద్ద అణువు నుండి తెగి వచ్చుచున్నదో, ఆ తల్లి అణువు నుండియే ఎండార్ఫిన్ అను మరియొక పదార్థమును పుట్టుచున్నది. నల్లమందు నొప్పిని అణచునట్లు అది కొంతకాలము నొప్పిని అణచివేయును. అనగా శరీరము ఒకే గిన్నెలో నుండి ఒకచేత గంట మ్రోగించు పదార్థమును, మరియొకచేత నోరు మూయించు పదార్థమును తీయుచున్నది. అడవిలో బ్రతికిన పూర్వుల కాలము నుండి, దెబ్బతినిన జంతువు తన నొప్పిని బయటపెట్టిన శత్రువునకు చిక్కుననుట కుక్క జాతి నేర్చిన పాఠము. కావున గాయపడిన కుక్క మౌనము శాంతి కాదు. అది దాగుకొనుట.

నాకుట గుఱించియు ఒక మాట. కుక్క లాలాజలమునకు కొన్ని సూక్ష్మక్రిములను చంపు శక్తి కొంత యున్నదని పరీక్షలలో తేలినది. పెద్దల మాట అబద్ధము కాదు. కాని ఆ శక్తి స్వల్పము. విరిగిన ఎముకకు, లోపల పగిలిన అవయవమునకు నాలుక చేరలేదు. పైగా మాటిమాటికి నాకుటచే మానుచున్న గాయము మరల తెరచుకొనును.

ఈ జ్ఞానము ఎట్లు లభించినది? అమెరికాలో వాల్టర్ కానన్ 1911లో తన సహచరునితో కూడి, కుక్క మొఱుగుటచే భయపడిన పిల్లి రక్తములో అధివృక్క గ్రంథి స్రావము హెచ్చునని చూపెను. 1930 ప్రాంతమున ఆల్ఫ్రెడ్ బ్లాలాక్ అను శస్త్రవైద్యుడు కుక్కల కాలి కండరములను చితుకగొట్టి, రక్తపు ఒత్తిడి పడిపోవుటకు కారణము గాయపడిన చోట రక్తమును ద్రవమును చేరిపోవుటయే యని తేల్చెను. 1936లో హాన్స్ సెల్యే, దెబ్బ యైనను చలి యైనను విషమైనను, శరీరము ఒకే తీరున స్పందించుచున్నదని ఎలుకలపై చేసిన పరిశోధనను ప్రకటించెను. నేడు పల్లెలలో సైతము వినబడు 'స్ట్రెస్' అను మాటకు ఈ అర్థము వచ్చినది ఆయన వలననే.

వీనియన్నిటిలో ఈ ప్రశ్నకు మిక్కిలి దగ్గరగా వచ్చినది 1959లో రిచర్డ్ ఎగ్డాల్ చేసిన పరీక్ష. మత్తునిచ్చిన కుక్క వెనుకకాలిని దేహము నుండి దాదాపు వేరుచేసి, రక్తనాళములను, ఒక్క పెద్ద నరమును మాత్రము నిలిపి, ఆ కాలిని గాయపరచెను. అధివృక్క గ్రంథి స్రావము వెంటనే పెరిగెను. పిదప ఆ నరమును కోసెను. స్రావము తగ్గిపోయెను. రక్తము ఆ కాలి నుండి దేహమునకు ప్రవహించుచునే యున్నను గ్రంథికి కబురు లేదు. గాయపు వార్తను మెదడునకు మోయునది నరమే యని దానితో స్థిరపడెను. అదే సంవత్సరము డేవిడ్ హ్యూమ్ తో కలసి ఆయన గాయమునకు దేహము చూపు స్పందనలో మెదడునకు గల ప్రాముఖ్యమును గుఱించి వ్రాసెను. శస్త్రచికిత్స వేళ వెన్నులో మందు ఇచ్చి క్రిందిభాగపు నరములను స్తంభింపజేసినచో రోగి శరీరము ఏల తక్కువగా తల్లడిల్లునో అర్థము చేసికొనుటకు ఈ జ్ఞానము పునాదులలో ఒకటి యైనది.

ఇచ్చట ఒక ఆక్షేపణ పుట్టును. అది తేలికగా త్రోసివేయదగినది కాదు. ఎగ్డాల్ కుక్కలు మత్తులో నుండెను. మత్తులో నున్న జీవికి బాధ తెలియదు. అయినను హార్మోను పెరిగినది. ఆపరేషను బల్లపై నిద్రించు మనుష్యునిలోను అట్లే పెరుగును. అంతియే కాదు, వేటకుక్క కుందేటి వెంట ఉత్సాహముగా పరుగెత్తునపుడును, యజమానుని చూచి గంతులు వేయునపుడును ఇవే పదార్థములు కొంత హెచ్చును. అట్లయినచో రక్తములోని కార్టిసాల్ ను కొలిచి, ఇదిగో బాధ, ఇంత బాధ, అని చెప్పుట ఎట్లు కుదురును? కుదరదు. హార్మోను బాధ కాదు. కన్నీరు దుఃఖము కానట్లే. ఉల్లిపాయ తరిగినను కన్నీరు వచ్చును. బాధ యనునది అనుభవించు జీవికి మాత్రము తెలిసినది. దానిని గాజుగొట్టములో పట్టలేరు. పదునేడవ శతాబ్దిలో డెకార్టు జంతువులు గడియారముల వంటి యంత్రములని వాదించెను. ఆయన అనుయాయులను ఈ కొలతలు పూర్తిగా నోరు మూయింపజాలవు.

కాని యీ ఆక్షేపణ తీసికొనిపోవు దూరము కొంతవరకే. గాయపు కబురు మోయు నరము, దానిని అందుకొను మెదడు, స్రవించు గ్రంథి, స్రవించిన కార్టిసాల్ సైతము కుక్కలోను మనుష్యునిలోను ఒక్కటియే. ఎలుకలో ఆ స్థానమున వేరొక హార్మోను ముఖ్యము. కుక్కలో మాత్రము మనుష్యునిలో వలెనే కార్టిసాల్ ప్రధానము. పొరుగింటి వాని పంటినొప్పినైనను ఎవరును స్వయముగా అనుభవించి యెఱుగరు. అతని ముఖము చూచి, తన పన్ను తలచుకొని నమ్ముదురు. మనుష్యుని విషయమున చాలిన సాక్ష్యము కుక్క విషయమున చాలదనుట న్యాయబుద్ధి కాదు, సౌకర్యము. ఇంగ్లండులో బెంథాము 1789లోనే, జంతువు తర్కింపగలదా యని కాక బాధపడగలదా యని అడుగవలెనని వ్రాసెను. ఆయనకు ఆరు శతాబ్దులకు పూర్వమే కల్యాణపురమున బసవేశ్వరుడు దయ లేని ధర్మమును ధర్మముగా అంగీకరింపక, ఆ దయను సకల ప్రాణులకును విస్తరింపజేసెను. ఆయన దయకు ముందుగా రుజువులు అడుగలేదు.

ఇంతవరకు చెప్పినదానికన్న ముఖ్యమైనది మరియొకటి యున్నది. గాయము తగిలిన క్షణముతో ఈ స్రావము ఆగిపోదు. నొప్పి కొనసాగుకొలది, భయము కొనసాగుకొలది అది కొనసాగును. భయమునకు వేరే గ్రంథి లేదు. పిల్లి విషయమున కానన్ చూపినది అదియే. గాయపడిన కుక్క చుట్టు పదిమంది మూగి కేకలు వేసిన, పిల్లలు రాయి విసరి కదలునో లేదో చూచిన, ఒకడు కాలు పట్టి ప్రక్కకు ఈడ్చిన, అవియన్నియు దాని రక్తములో చేరును. చక్రము చేసిన గాయమునకు చూచువారు చేయు గాయము తోడగును. అమెరికాలో ఓహయో రాష్ట్రమున మైకేల్ హెన్నెస్సీ బృందము 1990 దశకము చివర, కుక్కల శరణాలయమునకు క్రొత్తగా తేబడిన కుక్కలలో మొదటి దినములలో కార్టిసాల్ మిక్కిలిగా నుండుననియు, మృదువుగా నిమురు మనుష్యుని స్పర్శ ఆ పెరుగుదలను తగ్గింపగలదనియు చూపెను.

కావున రహదారి ప్రక్కన నిలిచి చూచువాడు తాను ఏమియు చేయలేదని చెప్పుకొన వీలులేదు. ఆతని గొంతు, ఆతని అడుగుల చప్పుడు, ఆతని చేయి ఆ జీవి రక్తములో ఏదో యొకటి చేయుచునే యున్నవి. కర్మ సిద్ధాంతమును అడ్డు పెట్టుకొనువారికి ఇది చిక్కు తెచ్చును. కుక్క అనుభవించునది దాని కర్మమే యనుకొన్నను, దానిపై కేకలు వేయుట, దానిని విడిచిపోవుట చూచువాని కర్మము. బసవన్న కాయకమును కైలాసముగా భావించెను. అనగా చేతులతో చేయు పనిలో దైవమును చూచెను. ఇట్టి వేళ చేతులను వెనుకకు కట్టుకొని కర్మమును గుఱించి పలుకుట ఆయన మార్గమున ఎచ్చట ఇముడునో చెప్పుట కష్టము.

దీని నుండి వేరొక ఋణము గుఱించి ఆలోచింపక తప్పదు. పైన చెప్పిన జ్ఞానములో చాలభాగము కుక్కలను కావలెనని గాయపరచి సంపాదించినది. ఆ జ్ఞానము వలన యుద్ధములలో, ప్రమాదములలో గాయపడినవారు లెక్కకు మిక్కిలిగా బ్రతికిరి. రక్తము, ద్రవములు ఎక్కించుటలోని శాస్త్రీయత అట్లు వచ్చినది. అది తప్పా, ఒప్పా? మదనపల్లెలో 1915లో కళాశాలను స్థాపించిన అనిబిసెంటు జీవితము ఈ విషయమున ఆలోచింపదగినది. భౌతికవాదిగా నున్న దినములలో ఆమె జంతువులపై ప్రయోగములను సమర్థించుచు వ్రాసెను. 1889లో దివ్యజ్ఞాన మార్గమున చేరిన పిదప వానిని తీవ్రముగా ఖండించెను. తెలివిగల యొక వ్యక్తి ఈ రెండు పక్షములను నిజాయితీతో పట్టుకొనగలుగుటయే ప్రశ్న ఎంత కఠినమో చూపుచున్నది. ఆమె శిష్యకోటిలో పెరిగిన రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభ సభ్యురాలిగా తెచ్చిన బిల్లు, 1960లో జంతు హింసా నివారణ చట్టము రూపొందుటకు దారితీసెను. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే అధ్యక్షురాలు.

ఆ చట్టము ప్రయోగములను నిషేధింపలేదు. జ్ఞానము కొఱకు, రోగనివారణ కొఱకు చేయువానిని అనుమతించి, మత్తు నియ్యవలెననియు, చిన్న ప్రాణులతో పని జరుగునపుడు పెద్దవానిని వాడరాదనియు, మత్తులో నుండగా కోలుకొనలేనంతగా గాయపడినవానిని మేలుకొననీయక ముగింపవలెననియు కట్టుబాటు చేసినది. దీనిని రాజీ యనవచ్చును. కాని రాజీలన్నియు పిరికితనము కావు. వెనుకటి కుక్కల బాధను ఎవరును తిరిగి తీసికొనలేరు. ఆ బాధ నేర్పినదానిని ముందటి కుక్కలకు ఉపయోగింపకుండుట మాత్రము రెండవసారి చేయు అన్యాయము. మనుష్యుల ఆస్పత్రిలో ఆ జ్ఞానము ఫలించుచుండగా, కంపచెట్టు మాటున పడియున్న కుక్కకు నొప్పి లేదనుట ఋణము తీసికొని పత్రము చింపివేయుట వంటిది. అదే చట్టములో జంతువును కొట్టి హింసించినవానికి మొదటి తప్పునకు విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది వఱకే యనుటయు ఇచ్చట స్మరింపదగినది. కుప్పము రైలు స్టేషను వద్ద ఇద్దరికి ఫలహారమునకు ఆ సొమ్ము నేడు చాలదు.

పుంగనూరు పేరు వినగనే దేశమంతటికిని గుర్తువచ్చునది పొట్టి ఆవు. అంతరింపబోయిన ఆ జాతిని పలమనేరు పశు పరిశోధనా స్థానములో కాపాడిరి. నేడు లక్షలు పోసి కొని ఇండ్లలో పెంచుచున్నారు. ఆ ఆవునకు జ్వరము వచ్చిన పశువైద్యుడు పరుగున వచ్చును, రావలెను కూడ. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో వచ్చు సంచార వైద్య వాహనములు 2022లో రాష్ట్రమున ప్రవేశపెట్టబడినవి. అవి ముఖ్యముగా పశుపోషకుల కొఱకు. వీధికుక్కకు పోషకుడు లేడు. దాని తరపున ఫోను చేయువాడు లేడు. భైరవుని వాహనమని గుడిలో కుక్క విగ్రహమునకు బొట్టు పెట్టుటయు, గుడి వెలుపలి కుక్కను కఱ్ఱతో తోలుటయు ఒకే ప్రాతఃకాలమున జరుగుచుండును. బసవ పురాణములో కుక్కచే వేదము చదివించిన భక్తుని కథ కలదు. ఆ కథను అగ్రహారపు గర్వమునకు సమాధానముగనే చదువుదురు. కుక్క వైపు నుండి దానిని చదివినవారు అరుదు.

రామాయణ ఉత్తరకాండలో ప్రక్షిప్తములని పండితులు చెప్పు సర్గలలో తల పగిలిన కుక్క యొకటి రాముని సభకు వచ్చి ఫిర్యాదు చేసెను. కొట్టినవాడు ఆకలిగొనిన భిక్షువు. దారిలో అడ్డముగా నున్నదని కోపముతో కొట్టితినని ఒప్పుకొనెను. శిక్ష ఏమని కుక్కనే యడుగగా, ఇతనిని కాలంజరమున మఠాధిపతిని చేయుమనెను. సభ నివ్వెరపోయెను. తానును పూర్వజన్మమున అట్టి పదవిలో నుండియే కుక్కనైతినని అది వివరించెను. మఠముల పెద్దలు ఈ కథను నవ్వుచు చెప్పుకొందురు. వారి సహనము మెచ్చదగినది. అయితే ఇచ్చట గమనింపవలసినది వేరొకటి. రాముడు కుక్కకు నొప్పి కలిగెనా యని విచారింపలేదు. పగిలిన తలను చూచి, కొట్టినదెవరని అడిగెను.

ఇక చేయవలసిన పని కొంత కలదు. గాయపడిన కుక్క మిత్రుని సైతము కరచును. కావున మూతికి మెత్తని గుడ్డ వదులుగా కట్టుట మేలు, ఊపిరి కష్టముగా నున్నచో అదియు వలదు. కరచినచో సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలసింపక ఆస్పత్రికి పోయి రేబిస్ టీకా వేయించుకొనవలెను. దయకును జాగ్రత్తకును వైరము లేదు. ఎత్తునపుడు కాళ్ళు పట్టి కాక పలకపైనో గట్టి గోనెపైనో జరుపవలెను. రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. చలి తగులకుండ కప్పవలెను. మనుష్యులు మ్రింగు నొప్పి మాత్రలు, పారాసెటమాల్ వంటివి, ఈయరాదు. అవి కుక్కకు విషము కాగలవు. గుంపును దూరము జరుపుట మందుతో సమానము.

కొన్ని కుక్కలు బ్రతుకవు. అధివృక్క గ్రంథులు ఎంత పిలిచినను చాలినంత స్రవింపలేని స్థితికి కొన్ని తీవ్రరోగములలో, గాయములలో చేరునని పశువైద్యులు చెప్పుచున్నారు. వెన్నెముక విరిగి, లోపలి అవయవములు చితికి, ఆశ లేదని వైద్యుడు తేల్చినపుడు సూదిమందుతో ప్రాణము పోగొట్టుట హింస యగునా? అహింసను వ్రతముగా నెంచు ఇండ్లలో ఈ మాట పలుకుటయే కష్టము. ప్రాణము పోయుట చేతగానివారికి తీయు హక్కు లేదని పెద్దలందురు. ఆ మాటకు బరువున్నది. కాని ఆ మాట చెప్పి ఇంటికి పోయి నిదురించినవానికిని, రాత్రియంతయు కంపచెట్టు మాటున నున్నదానికిని ఆ బరువు సమముగా పంచబడుటలేదు. మత్తులోనికి జారి మరల మేలుకొనని చావు, చీమలు పట్టు చావు – రెండింటిలో ఒకటి తప్పదని వైద్యుడు చెప్పిన పిదప, మొదటిదానిని హింస యనుటకు నోరు రాదు. అయితే ఆ నిర్ణయము వైద్యునిది. చూడలేక త్వరపడువానిది కాదు, రోడ్డు పని ముగించుకొన గోరువానిది అసలే కాదు. చూడలేకపోవుట చూచువాని బాధ. దానిని తీర్చుకొనుటకు కుక్క ప్రాణము తీయరాదు.

వైద్యుడు పుంగనూరు నుండియో పలమనేరు నుండియో వచ్చువఱకు గంట పట్టవచ్చును, రెండు గంటలు పట్టవచ్చును. ఆ సమయములో చేయుటకు మిగిలినది ఏమంత లేదు. దీపము కంట పడకుండ అడ్డముగా కూర్చుండి, చేయి దాని మెడపై నుంచి, లారీల మ్రోత మధ్య నెమ్మదిగా ఏదో యొకటి పలుకుచుండుట మాత్రమే.